రుషుల మందును అనుమానించడం తప్పా?

పొదిలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఊరి పేరు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"డాక్టర్ గారూ, మా నాన్నకు 61 ఏళ్ళు. పొగాకు వేస్తాం. పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. రెండు పూటలా మాత్రలు వేసుకునేవాడు. మూడు నెలల క్రితం పొగాకు అమ్మకానికి వెళ్ళినప్పుడు తోటి రైతు చెప్పాడని, వారానికోసారి టౌనుకు వచ్చి అద్దె గదిలో మందిచ్చే మనిషి దగ్గరికి పోయాడు. తొంభై రోజుల కోర్సు, నెలకు ఆరు వేలు. 'ఇంగ్లీషు మాత్రలు కిడ్నీలు తినేస్తాయి, మానెయ్' అన్నాడట. పొడిలో ఏముందని అడిగితే 'రుషులు చెప్పిన రహస్యం, బయటపెడితే గుణం పోతుంది' అన్నాడట. మొదటి రెండు వారాల్లో షుగర్ బాగా దిగింది. దాంతో నాన్నకు నమ్మకం కుదిరి, మీటరు కూడా పక్కన పెట్టేశాడు. ఇప్పుడు ఐదు కిలోలు తగ్గాడు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనం సాఫీగా కావడం లేదు, అరికాళ్ళు తిమ్మిర్లు. మా బావ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఆయుర్వేదమంతా బోగస్ అని నాన్న మొహం మీదే అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. 'వేల ఏళ్ళ నాటి రుషుల కంటే మీకు ఎక్కువ తెలుసా?' అంటాడు నాన్న. నాకు మన వైద్యమంటే చిన్నప్పటి నుంచి గౌరవం. కానీ భయంగా ఉంది. అనుమానించడం తప్పా? నేను ఎవరి వైపు మాట్లాడాలి?"

అమ్మా,

ఎవరి వైపు అన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కడుపునొప్పి, ఆ తగ్గిన ఐదు కిలోలు నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి.

ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆ మీటరు బయటికి తీసి నాన్నగారి షుగర్ చూడండి. పొడి ఈ పూట నుంచే ఆపించండి. పాత మాత్రలు మాత్రం మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. కారణం చెబుతాను. "మూలికల పొడి" అని అమ్మేవాటిలో షుగర్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు చాలా బయటపడ్డాయి. రెండు వారాల్లోనే షుగర్ అంత దిగిందంటే నాకు ఆ అనుమానం వస్తోంది. అదే నిజమైతే, దాని మీద పాత మాత్రలు కూడా పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పాత చీటీలు, పొడి డబ్బా రెండూ వెంట ఉండాలి. మందు ఎంత, ఎప్పటి నుంచి అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఈలోగా వాంతులు, ఆగని దాహం, మత్తుగా పడి ఉండటం, ఎగశ్వాస, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. చెమటలు పట్టి చేతులు వణికితే, స్పృహలో ఉంటే, వెంటనే పంచదార నీళ్ళు తాగించండి.

చేయించాల్సినవి: మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, కీటోన్లు, లివర్ పరీక్ష, హిమోగ్లోబిన్. వీటితో పాటు రక్తంలో సీసం ఎంత ఉందో చూసే లెడ్ పరీక్ష గురించి డాక్టరును తప్పకుండా అడగండి. అది ఊళ్ళో ల్యాబుల్లో చేయరు, నమూనా తీసి పెద్ద ల్యాబుకు పంపుతారు. మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం, నరాల తిమ్మిరి కలిసి కనిపిస్తే సీసాన్ని అనుమానించాలి. మీ నాన్నగారి తిమ్మిర్లు పదకొండేళ్ళ షుగర్ వల్ల కూడా కావచ్చు. అందుకే ఊహతో ఆగకుండా పరీక్ష చేయించాలి.

సీసం మాట నేను ఊరికే ఎత్తలేదు. మా ఆయుర్వేదంలో ప్రమేహానికి, అంటే షుగర్ లాంటి మూత్ర రోగాలకు, నాగభస్మం, అంటే సీసపు భస్మం, కలిసే మందులు ఉన్నాయి. వసంత కుసుమాకరం అనే మందులో అది ఉంటుంది. లోహాలతో మందులు చేసే పాత రసవైద్యులు భస్మం చేయడానికి లోహాన్ని ఎన్నోసార్లు శుద్ధి చేసి పుటాలు పెట్టేవారు, అంటే నిప్పులో కాల్చేవారు. తర్వాత దాన్ని పరీక్షించేవారు. నీటి మీద వేస్తే తేలాలి, వేళ్ళ మధ్య రుద్దితే చర్మం గీతల్లోకి ఇంకిపోవాలి, మళ్ళీ నిప్పులో పెడితే లోహం తిరిగి బయటికి రాకూడదు. ఈ పరీక్షలు కూడా ఈ రోజుకు సరిపోవు, రసాయన పరీక్ష ఉండాల్సిందే అంటాను నేను. అద్దె గదిలో పొట్లం కట్టి ఇచ్చేవాడు ఆ పాత పరీక్షలైనా చేశాడో లేదో మనకేం తెలుసు? 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే ఆయుర్వేద మందులు 70 కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు బయటపడ్డాయి. అంటే ఐదింట ఒకటి. ఆయుర్వేదం చదివి, దాని మీదే బతుకుతున్న నాకు ఆ లెక్క ఇప్పటికీ బాధగానే ఉంటుంది. దాచడం మాత్రం పాపం. పైగా మీ పడమటి మండలాల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పేదేముంది? కిడ్నీ జబ్బులు కూడా అక్కడ తక్కువేం కాదు. అలాంటి చోట, షుగర్ ఉన్న మనిషి కిడ్నీల మీద ఇంకో భారం వేయకూడదు.

ఇక మీ ప్రశ్న. అనుమానించడం తప్పా?

ఆయుర్వేదానికి మూల గ్రంథమైన చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో, 29వ అధ్యాయం ఉంది. నాన్నగారు అంతగా నమ్మే రుషులు అందులో వైద్యులను రెండు రకాలు చేశారు. ప్రాణాన్ని వెనక్కి తెచ్చేవాళ్ళు ప్రాణాభిసరులు. రోగాన్ని వెంటబెట్టుకొచ్చేవాళ్ళు రోగాభిసరులు. ఈ రెండోవాళ్ళు వైద్యుడి వేషం వేసుకుని, పాలకుల ఏమరుపాటు వల్ల దేశం మీద తిరుగుతుంటారట. ఫలానా ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడని వినగానే వచ్చి వాలతారు. రోగికి వినపడేలా తమ గొప్పలు చెప్పుకుంటారు. అప్పటికే ఎవరైనా వైద్యం చేస్తుంటే ఆయన తప్పులే పదేపదే ఎత్తి చూపిస్తారు. అమ్మా, "ఇంగ్లీషు మాత్రలు కిడ్నీలు తినేస్తాయి, మానెయ్" అన్న మాట పక్కన ఇది పెట్టి చూడండి. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి పుస్తకం మీ పొదిలి అద్దె గదిలో మనిషిని చూసి రాసినట్టు ఉంటుంది.

షుగర్ గురించి ఏమన్నారో కూడా చెప్పాలి. ప్రమేహాలు ఇరవై అన్నారు. కఫం వల్ల వచ్చే పది నయమవుతాయి, పిత్తం వల్ల వచ్చే ఆరు అదుపులో ఉంచుకోవాల్సినవే, వాతం వల్ల వచ్చే నాలుగు నయం కావు అని తేల్చి చెప్పారు. మధుమేహం ఆ నాలుగింటిలోది. తల్లిదండ్రుల నుంచి బీజదోషం వల్ల వచ్చింది కూడా సాధ్యం కాదన్నారు. ఇన్సులిన్ అంటే ఏమిటో తెలియని కాలంలో, మూత్రానికి చీమలు పట్టడం చూసి, వంశంలో రావడం గమనించి, చేతకానిదాన్ని చేతకాదని ఒప్పుకున్నారు. నా దృష్టిలో రుషుల గొప్పతనం ఆ ఒప్పుకోవడంలోనే ఉంది. తొంభై రోజుల్లో షుగర్ పోగొడతానని చరకుడు అనలేదు. వాళ్ళ పేరు చెప్పి అమ్మేవాడు అంటున్నాడు.

ఇంకో మాట. లావుగా బలంగా ఉన్న ప్రమేహి ఒకడు, చిక్కి నీరసపడ్డవాడు ఇంకొకడు, ఇద్దరికీ వైద్యం వేరు అని చరకం. లావుగా ఉన్నవాడికి ఒంటిని శుద్ధి చేసే శోధన, చిక్కినవాడికి పోషణ. నాన్నగారు ఐదు కిలోలు తగ్గారని ఆ మనిషి ఒక్కసారైనా కాటా మీద నిలబెట్టి చూశాడా? మొదటి రోజు ఇచ్చిన పొడే మూడో నెలా ఇస్తుంటే, దానికి రుషుల పేరు పెట్టడానికి వీల్లేదు.

"రహస్యం" అన్న మాట కూడా నాకు మింగుడు పడదు. చరకంలోనే రుషులంతా కూర్చుని, మనిషికి రోగం ఎక్కడి నుంచి వస్తుందని వాదించుకునే సభ ఒకటి ఉంది. కాశీరాజు వామకుడు ప్రశ్న వేస్తాడు. ఒకరు మనసంటారు, ఒకరు కర్మ అంటారు, ఒకరు కాలమంటారు. ఒకరి మాట ఒకరు కొట్టేస్తారు. చివరికి గురువు ఆత్రేయుడు, ఎవరి పక్షం వాళ్ళు పట్టుకుని వాదిస్తూ పోతే గానుగ తిప్పేవాడిలా తిరిగిన చోటే తిరుగుతారు, తేలేదేమీ ఉండదని మందలిస్తాడు. అడగడం, కాదనడం, రుజువు చూపించమనడం ఆ సభలో అపచారం కాలేదు. శల్యవైద్యం నేర్పిన సుశ్రుతుడైతే శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, పొరపొరా తీసి కళ్ళతో చూడమన్నాడు. కోత నేర్చుకునే శిష్యుడు ముందు గుమ్మడికాయల మీద, దోసకాయల మీద చేయి సాధన చేయాలన్నాడు.

మా తాతయ్య పల్లె వైద్యుడు. ఇంటి వసారాలో నల్లరాతి కల్వం ఉండేది. పొద్దున లేచేసరికి ఆ నూరే చప్పుడు వినిపించేది. ఒకరోజు ఒక రైతు పిల్లవాడిని భుజాన వేసుకొచ్చాడు, పిచ్చికుక్క కరిచిందని. "ఏదో ఒక ఆకు పసరు పోయండి సామీ" అని కాళ్ళ మీద పడ్డాడు. తాతయ్య గాయం కడిగి, "ఇది నా చేతిలో లేదు నాయనా" అని, ఇద్దరినీ వెంటబెట్టుకుని ఒంగోలు బస్సెక్కారు. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. చివరి సూది పడేదాకా ఆ పిల్లవాడి ఇంటికి కబురు పంపుతూనే ఉన్నారు. ఆ రోజు ఏదో ఒక పసరు పోసి పంపితే తాతయ్య పేరు ఇంకా పెరిగేదే. రోగం బయటపడేసరికి నెలలు పట్టేది, ఆయన్ని అడిగేవాళ్ళూ ఉండేవారు కాదు.

నా తప్పు కూడా ఒకటి ఉంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒకావిడ షుగర్‌కు నా దగ్గరికి వచ్చింది. ఇంకేం వాడుతున్నావమ్మా అని అడగకుండానే కషాయం రాసిచ్చాను. వారానికి ఇంట్లో స్పృహ తప్పి పడిపోయింది. ఆవిడ ఇంకోచోట తెచ్చుకున్న గుళికల్లో షుగర్ మాత్రలు కలిసి ఉన్నాయని తర్వాత తేలింది. బతికింది కాబట్టి నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. అప్పటి నుంచి ఎవరొచ్చినా ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు అన్నీ తెచ్చి బల్ల మీద పెట్టమంటాను.

మరి బావగారి మాట సంగతి? ఆయన భయపడటంలో న్యాయం ఉంది. ఆయన అన్న మాటలో లేదు. అడవిలో మేకలు కాచేవాళ్ళకు, గొర్రెలు, పశువులు మేపేవాళ్ళకు మూలికల పేరు, రూపం బాగా తెలుసని చరకుడే రాశాడు. మన నెల్లూరు వైపు యానాదులను చూసినా, నల్లమల చెంచులను చూసినా ఆ మాట నిజమని తెలుస్తుంది. పేరూ రూపం తెలిస్తే చాలదు, ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలిసినవాడే వైద్యుడు అని వెంటనే అన్నదీ ఆయనే. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టిన కె.ఎన్. కేసరి మద్రాసు వెళ్ళి కేసరి కుటీరం అనే ఆయుర్వేద మందుల సంస్థ పెట్టారు. ఆడవాళ్ళ కోసం చేసిన లోధ్ర తెలుగిళ్ళకు చేరింది. ఆ మందు మీద కుటీరం పేరు ఉండేది, తేడా వస్తే ఎవరిని అడగాలో జనానికి తెలిసేది. 2021 మేలో కరోనాకని కృష్ణపట్నం మందు కోసం జనం ఎలా బారులు తీరారో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ కూడా ఏమేం కలుపుతున్నారో అధికారులు అడిగారు, చేసే ఆయన చెప్పారు, చూశాకే ఆ నెలాఖరున కొన్నింటికి అనుమతి వచ్చింది, కంటి చుక్కలకు అప్పుడు రాలేదు. కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. ఉచితంగా ఇచ్చే మందుకే అన్ని ప్రశ్నలు వేశాం. నెలకు ఆరు వేలు తీసుకునే మందును ఏమీ అడగకూడదా?

ఆ మనిషిని నాన్నగారు అడగాల్సినవి ఎక్కువేం లేవు. చదువేమిటి, వైద్యుడిగా రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, పొడిలో ఉన్నవి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తావా. రిజిస్టరైన వైద్యుడు తన రోగి కోసం తన చేత్తో మందు చేసి ఇవ్వడం నేరం కాదు, కాబట్టి నిజమైనవాడికి ఈ ప్రశ్నలతో ఇబ్బంది ఉండదు. దుకాణంలో కొనేదైతే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీలు, కలిపినవాటి పేర్లు ఉండాలి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. ఇది నాన్నగారికి తెలియకపోవచ్చు, చెప్పండి.

ఎలా చెప్పాలన్నది అసలు కష్టం. పొగాకు పండించిన మనిషి ఆయన. బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు మేలుకుని, ఆకు రంగు చూసి మంట పెంచాలో తగ్గించాలో తనే తేల్చుకున్నవాడు. అల్లుడు మొహం మీదే బోగస్ అనగానే పట్టుదల రాదా? బావగారిని ఒకసారి ఫోన్ చేయమనండి. వైద్యం మాట ఎత్తకుండా, "మామా, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అని ఒక్కమాట అంటే చాలు. తర్వాత మీరు, అమ్మ కలిసి కూర్చోండి. "పొడి మంచిదా చెడ్డదా అని తర్వాత మాట్లాడుకుందాం నాన్నా, కడుపునొప్పి ఎందుకొస్తుందో చూపించుకుందాం" అనండి. నొప్పిని ఆయనా కాదనలేడు కదా. ఆయన ఓడిపోయినట్టు మాత్రం కనపడనీయకండి. చరకంలోని ఈ శ్లోకం చదివి వినిపించండి, నా మాట కంటే ఇది ఆయన చెవికి ఎక్కుతుంది:

"యోగాదపి విషం తీక్ష్ణముత్తమం భేషజం భవేత్
భేషజం చాపి దుర్యుక్తం తీక్ష్ణం సంపద్యతే విషమ్"

సరిగ్గా వాడితే ఎంత తీవ్రమైన విషమైనా మంచి మందవుతుంది, సరిగ్గా వాడని మందు తీవ్రమైన విషమవుతుంది అని దీని అర్థం.

డాక్టరు మందు కుదిర్చాక, ఆయనకు ఇష్టమైన ఆయుర్వేదాన్ని ఇంట్లోంచి తరిమేయాల్సిన పని లేదు. కూర్చున్నచోటే సుఖం, నిద్ర సుఖం, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లంతో చేసినవి ప్రమేహానికి దారి అని చరకుడు రాశాడు. తినాల్సినవాటిలో యవలకు, అంటే బార్లీకి, పెద్దపీట వేశాడు. సుశ్రుతుడు పాత ధాన్యాలు చెబుతూ అరికెల పేరు కూడా చెప్పాడు. మీ మెట్టలో ఒకప్పుడు అరికెలు, కొర్రలు, సజ్జలే కదా తిన్నది. వాటినీ అన్నంలాగా ఆకు నిండా పెట్టుకుంటే లాభం లేదు, కొలత ఉండాలి. డబ్బులేని ప్రమేహిని సుశ్రుతుడు మునిలాగా ఊరికొక రాత్రి చొప్పున ఉంటూ నూరు యోజనాలు నడవమన్నాడు, బావి తవ్వమన్నాడు. ఇంతకంటే గట్టిగా ఏ డాక్టరు చెబుతాడు? ఆ నడక చెప్పులు లేకుండా నడవమని కూడా ఉంది. ఆ ఒక్కటీ ఈ రోజు వద్దు. అరికాళ్ళు తిమ్మిరెక్కిన మనిషికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఎండకాలం పొలం గట్టు మీద కాలు కాలినా తెలియదు. మెత్తటి చెప్పులు వేసుకుని నడవాలి, రోజూ రాత్రి అమ్మ ఆయన పాదాలు చూడాలి.

ప్రమేహానికి ఉసిరి, పసుపు శ్రేష్ఠమని ఇంకో పాత ఆచార్యుడు వాగ్భటుడు అన్నాడు. నెల్లూరుకు ఆ పేరే నెల్లి చెట్టు, అంటే ఉసిరి, వల్ల వచ్చిందని అక్కడి గుడిలోని మూలస్థానేశ్వరుడి కథలో చెబుతారు. ఉసిరి పచ్చడిలో ఉప్పు, నూనె తగ్గించి తింటే మంచిదే. మెంతులు, కాకర కూరగా వాడుకోండి. పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే కాసేపు తీపి తెలియదు, నాన్నగారికి చూపించండి, సరదా పడతారు. నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర పోయినట్టు కాదని కూడా చెప్పండి. ఇవన్నీ అన్నంలో భాగంగా ఉండాలి, మాత్రకు బదులుగా వద్దు. పొడపత్రి చూర్ణం లాంటివి రోజూ వేసుకుంటానంటే డాక్టరుకు చెప్పే వేసుకోవాలి, అవీ షుగర్‌ను కొంత దించుతాయి.

పొడి డబ్బా పారేయకండి. రెండు చెంచాలు శుభ్రమైన గాజు సీసాలో తీసి, మూత పెట్టి, తేదీ రాసి దాచండి. లెడ్ ఎక్కువ వస్తే ఆ పొడిని కూడా పరీక్ష చేయించాల్సి వస్తుంది. నాన్నగారికి ఆ మనిషి సంగతి చెప్పిన తోటి రైతు కూడా ఇదే పొడి వాడుతున్నాడేమో కనుక్కుని, ఆయన్నీ రేపు మీ బండిలోనే ఎక్కించుకోండి. క్రియాటినిన్ రిపోర్టు రాగానే నాకు రాయండి.